గోడ తగలని కారు

“మళ్ళీ గోడకే గుద్దావా,” అంటూ ఆయన టీవీ తెర మీది ఆమె కారును చూసి పడీ పడీ నవ్వాడు. “కొత్తవాళ్ళ కోసం అంత సులువుగా పెట్టిన మోడ్ కూడా నీ దగ్గర చేతులెత్తేసింది.”

“మీలాగ నేనేమన్నా ముప్పై ఏళ్ళు లారీ తోలానా?” అంది భార్య.

పక్షవాతంతో ఆయన కుడిచెయ్యి పడిపోయి నాలుగు నెలలైంది. రోజూ వేళ్ళకు పని చెబితేనే చెయ్యి తిరిగి స్వాధీనంలోకి వస్తుందని డాక్టరు మరీ మరీ చెప్పాడు. నొక్కమని ఇచ్చిన రబ్బరు బంతిని ఆయన మంచం కిందకి విసిరేశాడు. “నేనేం చంటిపిల్లాడినా?” అని అటు తిరిగి పడుకున్నాడు. అప్పుడు కూతురు ఈ కారు పందెం ఆట తెచ్చి టీవీకి తగిలించింది.

ఆటలో రెండు మోడ్‌లు. ‘కొత్తవారు’లో పెడితే, గోడ దగ్గరికి రాగానే కారు దానంతటదే తప్పుకుంటుంది. ‘ఆరితేరినవారు’లో అంతా చేతి పనితనమే.

“ఆడవాళ్ళకి మొదటిది, నాకు రెండోది,” అని ఆయన ఆ రోజే తేల్చేశాడు.

“ఇందులో ఆడా మగా ఏంటి నాన్నా?” అంది కూతురు.

“ఊరుకోవే. ఏది ఎవరికి పెట్టాలో నేను చూసుకుంటాగా,” అంది తల్లి.

తెర మీది చిన్న అక్షరాలు ఆయనకు ఆనవు. రోజూ ఆమే రెండు కార్లకూ మోడ్‌లు పెట్టేది. పెట్టేముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకునేది.

“గెలిపించమని అడుగుతున్నావా? దేవుడికి వేరే పనుల్లేవా?”

“తప్పు కాయమంటున్నా.”

“ఏం తప్పు చేశావని?”

“ఇన్ని గోడలు గుద్దుతున్నానుగా.”

ఆయన కారు ఒక్కసారీ గోడను తాకలేదు. చెయ్యి పడిపోయినా డ్రైవర్ డ్రైవరే అని మురిసిపోతూ, ఇంకొక్క ఆట, ఇంకొక్క ఆట అంటూ కుడిచేతి బొటనవేలు నొప్పెట్టేదాకా ఆడేవాడు.

ఆ సాయంత్రం పందెం అయ్యాక ఆమె మంచినీళ్ళు తెచ్చింది. ఆయన కుడిచెయ్యి చాపాడు. గ్లాసు వణికింది, సగం నీళ్ళు చొక్కా మీదే ఒలికాయి. అయినా గ్లాసు పెదవుల దాకా వెళ్ళింది.

“అలా చూస్తావేం? ఆట పెట్టు,” అన్నాడాయన.

ఆమె కళ్ళు తుడుచుకుని రిమోట్ అందుకుంది. ఈసారి తప్పు కాయమని అడగలేదు.

మొట్టమొదటిసారి ఆయన కారును ‘ఆరితేరినవారు’లోకి మార్చింది.