చిటికెడు తక్కువ

“కూర దించాక మీ మామయ్య రుచి చూస్తారు. తక్కువైందంటే, దేవుడి గూట్లో ఉన్న డబ్బా తీసి చిటికెడు వెయ్యి. అంతదాకా దాని మూత ముట్టకు,” అంది అత్తగారు, పడవలో కాలు పెడుతూ. అవతలి ఒడ్డున ఆమె చెల్లెలికి ఒంట్లో బాగోలేదు.

“అందులో ఏముందత్తయ్యా?”

“వేసేటప్పుడు నీకే తెలుస్తుంది.”

కోడలు ఆ ఇంటికొచ్చి మూడు నెలలైంది. సముద్రం పక్కన, అలల్లేని ఉప్పునీటి సరస్సు ఒడ్డున అత్తగారి హోటల్. పడవ మీద మంచినీళ్లు కరువు గనుక, నీళ్లు పోయకుండా చేపల్లోంచి ఊరే ఊటలోనే ఉడికే కూర అక్కడి ప్రత్యేకం. దాన్ని ఆవిడకు నేర్పింది మామగారే. ముప్పై ఏళ్లు పడవలో వండిపెట్టిన చెయ్యి. కిందటేడు పెద్ద జ్వరం వచ్చి లేచాక వేట మానేశారు. అయినా ఆయన ఊఁ అననిదే గిన్నె పొయ్యి దగ్గర్నుంచి కదలదు.

రోజూ ఆయన “చిటికెడు తక్కువైంది” అంటారు. అత్తగారు డబ్బా తీస్తుంది. ఆ తర్వాత గిన్నెలో మెతుక్కి అంటేంత కూర కూడా మిగలదు. కిటుకంతా డబ్బాలోనే ఉందని కోడలి అనుమానం.

ఇవాళ కూర చెడితే మళ్లీ గరిటె తన చేతికి రాదు. ఆ కంగారులో పొద్దున టీలో చక్కెరకు బదులు ఉప్పు వేసేసింది. తను మొదటి గుక్కే ఉమ్మేసింది. మామగారు మాత్రం గ్లాసు ఖాళీ చేసి, “బాగుందమ్మా” అన్నారు. ఎంత మంచి మనసో!

మధ్యాహ్నం పడవలొచ్చాయి.

“కోడలమ్మా, ఇవాళ కూర తినాలా, చూసి దండం పెట్టుకోవాలా?” అని కేకేశాడు బొంగురుగొంతు జాలరి. బల్లల దగ్గర అందరూ నవ్వారు.

ఆమె గరిటెతో కాస్త కూర తెచ్చి మామగారికిచ్చింది. ఆయన కళ్లు మూసుకుని చప్పరించారు. నవ్వులు ఆగిపోయాయి.

“అంతా కుదిరింది. చిటికెడు తక్కువైందమ్మా.”

ఆమె చేతులు కడుక్కుని, దేవుడికి దండం పెట్టి, డబ్బా మూత తీసింది. పొద్దున మామగారు ఖాళీ చేసిన టీ గ్లాసు గుర్తొచ్చింది. తర్వాత గిన్నె మీద వేళ్లు ఆడించి, కలిపి, మళ్లీ గరిటె అందించింది.

“ఆఁ! ఇదీ మీ అత్తయ్య చేతి రుచి! వడ్డించు,” అన్నారాయన మీసం తుడుచుకుంటూ.

“డబ్బా గుట్టు తెలిసిపోయిందన్నమాట! ఏం వేశావమ్మా?” అన్నాడు జాలరి, రెండోసారి కంచం చాపుతూ.

“అత్తయ్యనే అడుగు బాబాయ్,” అని నవ్వి, ఆమె డబ్బాను జాగ్రత్తగా గూట్లో పెట్టేసింది.

అందులో ఏమీ లేదు.