క్యాసెట్‌లో ఉన్నవాడు

వారం రోజులుగా భార్య చెవుల మీంచి హెడ్‌ఫోన్లు దిగడం లేదు. అన్నం తింటూ కూడా అవే. పైగా మధ్యమధ్యలో తనలో తనే నవ్వుకుంటోంది. కళ్లజోళ్ల షాపాయనకు ఒళ్లు మండిపోయింది.

"ఏం వింటున్నావ్?"

"పరీక్ష పనండీ. పాడైపోయిన పాత క్యాసెట్ బాగుచేసి, అందులో గొంతు ఎవరిదో రుజువు చెయ్యాలి. అప్పుడే సంఘంలో చేర్చుకుంటారు."

ఆమె పనిచేసేది ఆడియోల్లో, వీడియోల్లో అసలేదో నకిలీ ఏదో తేల్చే ల్యాబ్‌లో. ఆ పనివాళ్ల సంఘంలో సభ్యత్వం కోసం మూడేళ్లుగా తపిస్తోంది.

"ఎవరిదట ఆ గొంతు?"

"సంఘం సభలో నా నివేదిక చదివేదాకా ఎవరికీ చెప్పకూడదు."

"సరే, ముందు తిని లే. నీ కోసం ఎంతసేపు కూర్చోవాలి?"

అన్నాడే గానీ ఆయనకే ముద్ద దిగలేదు.

మర్నాడు ఆమె స్నానానికి వెళ్లగానే హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. కాసేపు గరగర. తర్వాత ఓ మగ గొంతు, మెత్తగా, తీరిగ్గా.

"కంగారేం లేదు. మెల్లగా తిను. నేనుంటానుగా."

వెంటనే ఆడ నవ్వు. అది తన భార్యదే. ఈమధ్య ఇంట్లో వినపడని నవ్వు.

ఎవడు వీడు? పెళ్లికి ముందువాడా? తనకైతే ఇలా మాట్లాడడం ఈ జన్మలో చేతకాదు.

షాపులో మనసు మనసులో లేదు. చదువుకునే అద్దాలు అడిగిన ముసలావిడకు దూరపుచూపువి బిగించాడు. ఉండబట్టలేక భార్యకు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "వాడి గొంతే వింటూ కూర్చో. నేను ఎటో పోతా!"

ఆమె నుంచి ఒకటే ప్రశ్న వచ్చింది. "ఈ మెసేజ్ నా పనికి వాడుకోనా?"

"ఊరంతా వినిపించుకో!" అని కసిరాడు.

సభ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికంటే ముందే వెళ్లాడు. వాడెవడో తేల్చుకోవాలి. చేతికి వాచీ పెట్టుకుని మరీ, వచ్చిన ప్రతి మగాణ్నీ "టైమెంతండీ?" అని అడిగాడు. ఏ గొంతూ అది కాదు.

సంఘం అధ్యక్షురాలు మొదట క్యాసెట్ వినిపించింది. "కంగారేం లేదు. మెల్లగా తిను..." హాల్లో ఆడవాళ్లంతా మురిసిపోయారు. ఈయన పళ్లు కొరికాడు.

తర్వాత రెండోది. "వాడి గొంతే వింటూ కూర్చో..."

మాటలు తనవే. గొంతు మాత్రం ఎవరో ముక్కు మూసుకుని అరిచినట్టుంది. హాలంతా ఘొల్లుమంది. వాడినీ తననూ పక్కపక్కన పెట్టి, పదిమందిలో పరువు తీసేసింది! ఇక ఆమె ముఖం చూడకూడదనుకున్నాడు. లేచి విసవిసా తలుపు దాకా నడిచాడు.

వెనకాల అధ్యక్షురాలు భార్య నివేదికలోని చివరి వాక్యం చదివింది. "మొదటిది పెళ్లయిన కొత్తలోది, రెండోది పోయిన మంగళవారానిది; రెండింట్లోనూ మాట్లాడింది ఒక్కరే, మా ఆయన."