మేడమీద గదికి వైరు

ఎలక్ట్రీషియన్ ఉన్న ఇంటికి పరాయి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. కోడలికి అంతకంటే తలవంపు ఇంకేం కావాలి?

వచ్చినవాడు వైరు చుట్టలు హాల్లో దించాడు. "మేడమీద గదికే కదండీ సబ్‌బోర్డు?" అని మామగారిని అడిగాడు. ఆయన తలూపారు. సోఫాలో కూర్చున్న కోడలి వంక ఇద్దరూ చూడలేదు.

ఊళ్ళో ఆమె ఎన్ని ఇళ్ళకి వైరింగు చేసిందో లెక్కలేదు. ఏడో నెల వచ్చాక నిచ్చెనెక్కడం మానేసింది, అంతే. ఏ ఇంట్లోనైనా వైరు మందం చూసి అక్కడ ఏం పెట్టబోతున్నారో చెప్పేయగలదు. అలాంటి మనిషికి సొంత ఇంట్లో ఏం జరుగుతోందో చెప్పేవాళ్ళు లేరు.

నిన్న ఎవరూ లేనప్పుడు మెల్లగా మేడెక్కి చూసింది. ఖాళీ గది మూలకి కొత్తగా నీళ్ళ పైపు వచ్చింది. దాని కిందే మురుగు గొట్టం. పక్క గోడలో రెండు పవర్ సాకెట్లకి చెక్కిన గుంటలు. ఇక అర్థం కానిదేముంది? వంటగది. అంటే తనచేతా భర్తచేతా వేరు కాపురం పెట్టిస్తున్నారు.

తప్పు తనదే. మూడు నెలల క్రితం, "బిడ్డ పుడితే ఈ ఇల్లు ఇరుకైపోతుంది" అని నోరు జారింది. మామగారు గుమ్మంలోనే ఉన్నారు, విన్నారు. అప్పటినుంచీ మనిషి మారిపోయారు. ఆమె చేతి కూర వద్దన్నారు, ఉప్పు లేకుండా విడిగా వండించుకున్నారు. పండు కోసి ఇస్తే పళ్ళెం పక్కకి నెట్టారు. టీ ఇస్తే రెండు గుక్కలు తాగి గ్లాసు దించేశారు. వారానికి మూడు రోజులు పొద్దున్నే కొడుకుని వెంటబెట్టుకుని ఎటో వెళ్ళేవారు. మధ్యాహ్నం వచ్చి, పలకరించినా పలక్కుండా గోడవైపు తిరిగి పడుకునేవారు. ఎంత ఉక్కపోతలోనూ పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని, పరాయింటికి వచ్చిన చుట్టంలా కూర్చునేవారు.

ఆడపిల్లకి కరెంటు పనేమిటని అందరూ నవ్విన రోజుల్లో మొదటి టెస్టరు కొని ఆమె చేతిలో పెట్టింది ఈయనే. అందుకే అంత బాధ. భర్తని నిలదీస్తే "నాన్ననే అడుగు" అని నీళ్ళు నమిలాడు.

ఎలక్ట్రీషియన్ చుట్ట విప్పాడు. నాలుగు ఎంఎం వైరు. బల్లమీద ముప్పైరెండు ఆంపుల బ్రేకరు. కింద మెయిన్ బోర్డు నుంచి ఆ మూల గదికి ముప్పై మీటర్లకి తక్కువుండదు. లోడు పెరిగితే బ్రేకరు పడేలోపే వైరు వేడెక్కి తొడుగు కరుగుతుంది.

కరగనీ, అనుకుంది. తనని బయటికి పంపే వైరుని తనే ఎంచాలా?

అతను వైరు కొస పైపులోకి తోశాడు. మూర తర్వాత మూర లోపలికి పోతోంది. వైరు మెట్ల మలుపు దాకా వెళ్ళింది. ఇక ఆమె వల్ల కాలేదు.

"అది లాగెయ్యండి" అంటూ లేచింది.

మామగారు గోడ పట్టుకుని నిలబడ్డారు. "ఏమ్మా, చాలదా?"

"పైన ఏం పెడుతున్నారో చెప్పండి మామయ్యా. అప్పుడు చెప్తాను."

ఆయన గుమ్మంలో ఉన్న కొడుకు వంక చూశారు.

"మిషన్లమ్మా. నాలుగైదు గంటలు ఏకధాటిగా నడవాలి. మధ్యలో కరెంటు తగ్గకూడదు, ఆగకూడదు."

అంతసేపు ఏం వండుతారో! అయినా పని పనే. ఆరు ఎంఎం తెప్పించమంది. మధ్యలో అతుకు వద్దంది. ఎర్త్ వైరు విడిగా లాగమంది. పై బోర్డులో న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ కలిపితే మాత్రం ఊరుకోనని చెప్పింది. ఎలక్ట్రీషియన్ ఆమె చెప్పినట్టే చేశాడు. సాయంత్రం ఆమె ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కి, కరెంటు ఆపించి, ప్రతి స్క్రూ దగ్గరా వైరు లాగి చూసుకుంది.

వెనకే ఎక్కి వచ్చిన మామగారి కళ్ళు చెమ్మగిల్లాయి. "నువ్వు చూశావు కదమ్మా. ఇక నాకు భయం లేదు."

పీడ వదిలిందన్న సంతోషం కాబోలనుకుని, ఆమె దిగిపోయింది.

మర్నాడు వ్యాను వచ్చింది. ఇద్దరు మనుషులు నిలువెత్తు పెట్టె, ఇంకో చిన్న పెట్టె మోసుకుంటూ మేడెక్కారు. వెనకే సంచీతో ఒకావిడ. బిగించే కంపెనీ మనిషి కాబోలు. తండ్రీకొడుకులు కూడా పైకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు.

కోడలు మధ్యాహ్నం దాకా కూర్చున్నచోట కూర్చోలేకపోయింది. అనాల్సిన మాటలు మనసులో పేర్చుకుంది. తప్పైపోయింది మామయ్యా. కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను. మమ్మల్ని మాత్రం వేరు చెయ్యకండి. మేడెక్కి, తలుపు తోసింది.

మామగారు మూడు నెలల్లో మొదటిసారి చొక్కా ఎడమ చెయ్యి భుజం దాకా మడిచి కుర్చీలో వాలి ఉన్నారు. సంచీ ఆవిడ ఆ చేతి నరంలో గుచ్చిన రెండు సూదుల నుంచి ఎర్రటి గొట్టాలు బయల్దేరి, ఆమె ఎంచిన వైరు మీద సన్నగా హోరుమంటున్న డయాలసిస్ మిషన్‌లోకి వెళుతున్నాయి.