పదకొండో పేరు

“పది పేర్లే,” అన్నాడు ఆర్విల్ లుండే, కాగితాన్ని బల్ల మీద రాగ్నా వైపు తోస్తూ. “పదకొండోది కుదరదక్కా.”

“ఆ బడిలో పాఠం చెప్పినవాళ్లు పదకొండు మంది. లెక్కపెట్టడం రాదా? నువ్వు చదివింది కూడా అక్కడే కదా!”

చర్చి నేలమాళిగలో కాఫీ కాగుతోంది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి రెండు వందల ఏళ్లు నిండిన ఆ వేసవిలో డకోటాలో ప్రతి ఊరికీ ఒక కంచు ఫలకం అవసరమైంది. ఈ ఊళ్లో చూపించుకోవడానికి మిగిలింది 1891లో కట్టిన ఒంటిగది బడి. వెడల్పు ఇరవై నాలుగు అడుగులు, పొడవు ముప్పై ఆరు. పిల్లలు ఏ వైపు పొలాల్లో ఎక్కువైతే ఆ వైపుకు, చలికాలంలో మంచు మీద దుంగలు వేసి, గుర్రాలతో బడి మొత్తాన్ని రెండుసార్లు లాగించారు. మూతపడ్డాక పదిహేనేళ్లు ఆర్విల్ అందులో గోధుమలు పోసుకున్నాడు. ఇప్పుడు ఎలుక కన్నాలు పూడ్పించి, బడి చరిత్ర కమిటీకి అధ్యక్షుడయ్యాడు.

రాగ్నా అడుగుతున్నది తన తల్లి సెల్మా పేరు. 1929లో బడి బోర్డు సెల్మాను ఉద్యోగం నుంచి తీసేసింది. ఆ తర్వాత నలభై ఏడేళ్లలో ఆమె ఒక్కసారి కూడా బడి ముందు నుంచి నడవలేదు. కొట్టుకు వెళ్లాలన్నా రెండు మైళ్లు చుట్టు తిరిగి వెళ్లేది. పేర్ల పట్టిక శుక్రవారం పోతపని వాళ్లకు అందాలి. ఒకసారి కంచులో పోసాక చేర్చేదేమీ ఉండదు.

ఆర్విల్ పాత తీర్మానాల పుస్తకం తెరిచి, చర్చిలో వాక్యం చదివినట్టు చదివాడు. “‘పెళ్లయిన స్త్రీ ఈ బడిలో బోధించరాదు. సెల్మా రహస్యంగా వివాహమాడినట్టు చైర్మన్‌కు తెలిసినందున నేటి నుంచి తొలగించడమైనది.’ ఫిబ్రవరి పంతొమ్మిది. కింద చైర్మన్‌గా మా తాత ఎండ్రే లుండే సంతకం. నన్నేం చేయమంటావు?”

“రహస్యంగా చేసుకున్నది ఆయనకెలా తెలిసిందట?”

“చైర్మనన్నాక చెవులుండవా?”

“నీ చెవులు చూస్తే నమ్మబుద్ధేస్తోందిలే.”

కాఫీ పోస్తున్న ఆల్మా కిసుక్కున నవ్వి, మళ్లీ కమిటీ సభ్యురాలి ముఖం పెట్టింది. “ఎందుకే ఈ రభస? మిస్ మోయెన్‌లా మీ అమ్మ కూడా పెళ్లి మానుకుని ఉంటే ఆవిడ పేరూ ఉండేది.”

“అప్పుడు నేనుండేదాన్ని కాదు కదా పిన్నీ. మీకు ఈ రభసా తప్పేది.”

పట్టికలో అన్నిటికన్నా పైన, రెట్టింపు అక్షరాల్లో గుడ్రున్ మోయెన్ పేరుంది. సెల్మాను తీసేసిన తర్వాతి సోమవారమే ఎండ్రే లుండే ఆమెను తెచ్చాడు. ఆమె ఇరవై రెండేళ్లు పాఠం చెప్పింది. పంతులమ్మలకు బోర్డువాళ్ల ఇళ్లలోనే బస గనుక లుండే వాళ్ల మేడగదిలో ఉండి, తల్లి లేని ఎండ్రే కొడుకును, అంటే ఆర్విల్ తండ్రిని కూడా పెంచింది. ఊరు ఆమెను సన్యాసిని అంది. రాగ్నాకు గుర్తున్నది వేరు. ఎనిమిదేళ్లప్పుడు మిస్ మోయెన్ తనను తరగతి ముందు నిలబెట్టి, “మీ అమ్మలా బోర్డును మోసం చేసేదానివి కాకు,” అంది. ఆర్విల్ ఆ నీతిబోధనే ఫలకం మీదికి ఎక్కిస్తున్నాడు.

“సరే, ఒక పని చెయ్యి,” అన్నాడు ఆర్విల్, దానం చేస్తున్నట్టు. “పెళ్లి ఫిబ్రవరి పంతొమ్మిది తర్వాతే జరిగిందని కాగితం తే. తాతే పొరబడ్డాడనుకుందాం. పేరు పోయిస్తాను.”

ఇంటికి వచ్చి అడిగితే సెల్మా బంగాళాదుంప తొక్క తీయడం ఆపలేదు. ఆ ఇంట్లో పెళ్లిరోజు ఎప్పుడూ జరపలేదు.

“నది దాటి అవతల చేసుకున్నాం. అంతవరకే చెప్తాను. తేదీ అడక్కు.”

“ఎవరు చూశారమ్మా?”

“ఎవరూ చూడలేదనుకునే కదే అంత దూరం పోయింది!”

గురువారం రాగ్నా కారులో నది దాటింది. అవతలి ఒడ్డు మిన్నెసోటా, వేరే రాష్ట్రం. అక్కడి కోర్టు గుమాస్తా నెరిసిన జుట్టు మనిషి. ఆవిడ 1929 పెళ్లిళ్ల పుస్తకం దుమ్ము దులిపి బల్ల మీద పెట్టింది.

“అప్పట్లో మీ ఒడ్డు నుంచి పంతులమ్మలు తెగ వచ్చేవాళ్లమ్మా. ఉద్యోగం పోతుందని ఇక్కడ చేసుకుని, అక్కడికెళ్లి మిస్ అనిపించుకునేవాళ్లు. మీ పుస్తకాల్లో ఎక్కదు, మా పుస్తకం మీవాళ్లు చూడరు.”

“తేదీ చెప్పండి చాలు.”

“సెల్మా... ఇదిగో. ఫిబ్రవరి తొమ్మిది, శనివారం.”

పది రోజుల ముందు. నిబంధన ప్రకారం తొలగింపు సబబే. రేపు ఆర్విల్ ఈ తేదీని కమిటీ అందరికీ చదివి వినిపిస్తాడు, ఆల్మా రెండోసారి కాఫీ పోస్తూ అయ్యో అంటుంది. రాగ్నా పుస్తకం మూసి, చేతిసంచి అందుకుంది.

“నకలు వద్దా?”

“నా తల్లి తప్పుకు నకలెందుకండీ?”

“తప్పని మీరంటున్నారు గానీ, ఆ ఉదయం ఇక్కడికొచ్చింది ఆవిడొక్కతే కాదు. రెండు పెళ్లిళ్లయ్యాయి, రెండూ మీ ఊరివాళ్లవే. ఒక జంట వెళ్తుంటే ఇంకో జంట వచ్చి ఉంటుంది. మీ అమ్మగారి పై వరుసలో ఉన్నావిడ గుడ్రున్ మోయెన్ అట. ఎరుగుదురా?”

రాగ్నా పుస్తకం మళ్లీ తెరిచి, కళ్లద్దాలు పెట్టుకుని, ఆ వరుస వెంట వేలు జరిపింది.

పెళ్లికొడుకు గడిలో ఎండ్రే లుండే సంతకం ఉంది.