తొమ్మిదో బొమ్మ

"సార్, జర ఇటు రాండ్రి! తొమ్మిదో బొమ్మ తారుమారైంది!"

జములమ్మ కేకకు గదిలో కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. సూపర్‌వైజర్ కురుమూర్తి గబగబా వచ్చాడు.

వనపర్తిలోని ఆ చిన్న ఆఫీసుకు విదేశాల నుంచి సాంకేతిక ప్రమాణాల పుస్తకాలు వస్తాయి. వాటిని కంప్యూటరు చదువుకునేలా ఎక్స్ఎంఎల్ ట్యాగుల్లో, అంటే గుర్తుల మధ్య, పెట్టి పంపడం వీళ్ల పని. ఒక బొమ్మలో ఎ, బి అని భాగాలుంటే, ప్రతి భాగానికీ దాని చిత్రాన్నీ, దాని కింది మాటనూ విడివిడిగా జతచేయాలి. ఇప్పుడు క్రేన్ కొక్కేల పుస్తకం కొత్త ముద్రణ వచ్చింది. నాలుగేళ్ల కింద ఇక్కడే తయారైన పాత ఫైలు తెరిచి, మారినచోట్ల దిద్దుతోంది జములమ్మ.

"చూడుండ్రి. గొలుసు కొక్కెం కొసకు వేలాడుతున్నది. దాని కింద 'ఇలా తగిలించాలి' అని ఉన్నది!"

"అచ్చు పుస్తకంల?"

"అండ్ల సరిగనే ఉన్నది. మన ఫైలులనే ఎ జాగల, 'ఇలా తగిలించరాదు' అనే బి చిత్రం పెట్టిన్రు."

కురుమూర్తి ముఖం పాలిపోయింది. "సరే, సప్పుడుజేయక మార్చు."

ఆమె నివ్వెరపోయింది. గద్వాల దగ్గర ఆమె అన్న క్రేన్ కిందే పనిచేస్తాడు. కొసకు తగిలించిన గొలుసు జారితే ఏమవుతుందో ఆమెకు తెలుసు.

"సప్పుడుజేయకనా? నాలుగేండ్ల సంది గీ బొమ్మ చూసి ఎంతమంది గిట్ల తగిలిచ్చిన్రో! పుస్తకం పంపిన కంపెనీకి చెప్పాలె సార్."

"నేను రాస్త. నీ పని నువ్వు చూస్కో."

"చేసినోళ్ల పేరు గూడ రాయుండ్రి. గసుంటోళ్లను ఒక్క దినం ఉంచొద్దు."

"పేరెందుకమ్మా? కొత్తల ఎవరైనా తప్పుతరు. సరిచూడాల్సింది నేను, చూడలే. తప్పు నాదే అని రాస్త."

"మీరెందుకు మీదేసుకుంటరు? నేనెన్ని వందల బొమ్మలు చేసిన! ఒక్కటన్న తప్పిందా?"

కురుమూర్తి తల దించుకున్నాడు. ఈయనే చేసి దాస్తున్నాడేమో అనిపించింది ఆమెకు. విసురుగా లేచి అల్మారాలోంచి, ఎవరు చేసిన బొమ్మకు వాళ్లు సంతకం పెట్టే పాత పని రిజిస్టరు లాగింది.

"వద్దు తల్లీ, ఇడిసిపెట్టు!" కురుమూర్తి చెయ్యి అడ్డం పెట్టాడు.

ఆమె వినలేదు. పేజీలు తిప్పింది. క్రేన్ కొక్కేల పుస్తకం, తొమ్మిదో బొమ్మ, రెండు భాగాలు. ఆ వరుస చివర వేలు ఆగిపోయింది.

అక్కడున్న సంతకం ఆమెదే.