బానెట్ మీద సొట్ట

గిన్నెలనూ చెప్పులనూ ఇంట్లోనే, పాతను పోగొట్టే యంత్రపు పెట్టెలో పెట్టి కొత్తవిగా చేసుకునే రోజులవి. పాతగా కనబడడం మర్యాద కాదు. రూతు పెళ్లిచూపులకు ముందు ఆమె తండ్రి సామ్యేలు కూడా ఆస్పత్రిలో అలాంటి పెట్టెలో పడుకుని నుదుటి మీది మచ్చ తీయించుకున్నాడు.

ఇప్పుడు రూతు సినిమా మ్యూజియంలో అధికారి. ఒకప్పుడు ఊరూరా ఆడిన సినిమాలోని ఎర్రకారును కొత్తదిగా చేయాలా, ఉన్నదున్నట్టు ఉంచాలా అన్నది ఆమే తేల్చాలి. కొత్తదిగానే చేయించి తండ్రికి చూపించింది.

సామ్యేలు బానెట్‌ను అరచేత్తో తడిమాడు.

“ఇక్కడ సొట్ట ఉండాలి గదమ్మా.”

“తీయించేశాం నాన్నా. బాగుంది కదా?”

“బానే ఉంది. సినిమాలో మేడ మీంచి దీని మీదికి దూకింది హీరో కాదు, డూపుని నేనే అంటే ఎవరూ నమ్మేవాళ్లు కాదు. నుదురు ఆ సొట్టలో ఆనించి చూపించేవాణ్ణి. మచ్చ సరిగ్గా కూర్చునేది.”

ఇంతలో సందర్శకులు వచ్చారు. కారులో అమర్చిన గొంతు తనంతట తానే మాట్లాడింది: “మేడ మీంచి హీరో నా మీదికే దూకారు. నాకు చిన్న గీతైనా పడలేదు.”

అందరూ చప్పట్లు కొట్టారు. సామ్యేలూ కొట్టాడు.

నున్నటి ఆ నుదుటి వంక రూతు చూడలేకపోయింది. ఆ మచ్చ తీయించుకోమని పోరింది తనే.