అబ్బ

పెద్దయ్యేకొద్దీ మనుషుల్లో ఆశ్చర్యం ఇంకిపోతోందని ఇంటింటికీ ఒక వింతల గోడ బిగించి పోయారు. ఎవరైనా “అబ్బ” అంటే చాలు, మురిసిపోయారనుకుని అది మరో వింత చూపిస్తుంది.

పప్పు అడుగంటిందని హైమవతి “అబ్బ” అంది. వంటిల్లంతా తిమింగలాలు ఈదాయి. “అబ్బబ్బ, పొయ్యి కనపడనివ్వవే” అంటే నెమళ్లు కూడా దిగాయి.

“ఆ మాట అనకమ్మా. దానికి విసుగుకీ వింతకీ తేడా తెలీదు,” అంది కూతురు.

సాయంత్రం వాన వెలిశాక కిటికీలో ఇంద్రధనుస్సు కనిపించింది, నిజమైనది. నాలుక మీదికొచ్చిన మాటను కొంగుతో నొక్కిపట్టి, ఆ రంగులు కరిగిపోయేదాకా హైమవతి రెప్ప వేయకుండా నిలబడింది.

“మధ్యాహ్నం నుంచి మీరు ‘అబ్బ’ అనలేదు,” అంది గోడ. “మీలో ఆశ్చర్యం తగ్గిపోతోందండీ.”